అద్దం నుంచి ఆవిరి దాకా

బొబ్బిలిలో ఎండకు కొదవ లేదు. మే నెల మధ్యాహ్నం కోట దగ్గర నుంచి రైల్వే స్టేషన్ దాకా నడిచినవాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఈ ఎండను అద్దాలతో పోగుచేసి, ఆవిరి పుట్టించి, టర్బైన్ తిప్పుదామనుకుంటే మాత్రం ఇది అందుకు తగిన ఎండ కాదు. తూర్పున సముద్రం మరీ దూరంలో లేదు. ఏడాదిలో చాలా నెలలు గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. ఆ తేమకు ధూళి తోడై వెలుగును నాలుగు దిక్కులకూ చెదరగొడుతుంది. మేడ మీద పెట్టుకునే సోలార్ పలకకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు, చెదిరిన వెలుగునైనా అది కరెంటుగా మార్చుకుంటుంది. అద్దానికి ఆ వెసులుబాటు లేదు. సూర్యబింబం నుంచి తిన్నగా వచ్చిన కిరణాన్నే అది అనుకున్న చోటికి మళ్లించగలదు. పక్కల నుంచి వచ్చిన వెలుగు పక్కలకే పోతుంది.

అందుకని సౌర ఉష్ణ విద్యుత్తు పనితనం చూడాలంటే మా వైపు వాళ్లం కూడా అనంతపురం వైపే చూడాలి. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో అదొకటి. రైతుకు శాపమైన ఆ పొడి గాలే అద్దాలకు వరమైంది. ఆ జిల్లాలో నాగలాపురం దగ్గర హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ కట్టిన 50 మెగావాట్ల ప్లాంటు 2014 నవంబరులో గ్రిడ్‌కు చేరింది. 2010 జనవరిలో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ తొలి దశలో వేలం వేస్తే ఏడు ఉష్ణ విద్యుత్ ప్రాజెక్టులకు కలిపి 470 మెగావాట్లు దక్కాయి. యూనిట్‌కు 11 రూపాయల 31 పైసలకు మేఘా పాడుకుంది. ఆ ఏడింటిలో పూర్తయి కరెంటు ఇచ్చినవి మూడే. మిగతా రెండూ రాజస్థాన్ ఎడారిలో ఉన్నాయి. తక్కినవి ఆగిపోవడానికి కారణాలు చాలా ఉన్నా, ఒకటి మాత్రం మన కథకు సంబంధించింది. ఉపగ్రహ లెక్కలు చూపించిన నేరు ఎండ, నేల మీద పరికరం పెట్టి కొలిస్తే చాలా చోట్ల అంత రాలేదు. బొబ్బిలి గాలి చేసే పనే అక్కడ ధూళి చేసింది.

ఈ ప్లాంట్ల జమాఖర్చుల కథ వేరే చెప్పుకోవచ్చు. నన్ను ఆకట్టుకునేది వాటి లోపలి పని. దోనెల్లా వంచిన అద్దాలు వాడే ఈ రకం ప్లాంటులో వంద పాళ్ల నేరు ఎండ పడితే ఏడాది సరాసరిన కరెంటుగా బయటికొచ్చేది 14 నుంచి 16 పాళ్లు. వినగానే పెదవి విరిచే అంకె. కానీ ఆ పదిహేను పాళ్లను నిలబెట్టడానికి ఎన్ని చోట్ల ఎంత జాగ్రత్త పడ్డారో చూస్తే పెదవి విరవబుద్ధి కాదు. ఈ ప్లాంటులో వేడిని పుట్టించడం కష్టమైన పని కాదు. పుట్టిన వేడి పై డిగ్రీ నుంచి కింది డిగ్రీకి ఊరికే జారిపోకుండా టర్బైన్ దాకా తేవడమే అసలు పని. పనివాడి చెయ్యి కనిపించేది అక్కడే.

మొదట అద్దాలు. దూరం నుంచి చూస్తే బారులు తీరిన దోనెల్లా ఉంటాయి. ఈ తరహా ప్లాంట్లలో బాగా పేరున్న యూరోట్రఫ్ నమూనా కొలతలు చెబుతాను. దోనె వెడల్పు 5.77 మీటర్లు, ఒక వరుస పొడవు 150 మీటర్లు. వరుసలో 12 భాగాలు, భాగానికి 28 అద్దాల చొప్పున మొత్తం 336 అద్దాలు. నాలుగు వరుసలు కలిస్తే ఒక లూప్. నాగలాపురంలో అద్దాల విస్తీర్ణం మొత్తం మూడున్నర లక్షల చదరపు మీటర్ల పైచిలుకు. గాజు మందం 4 మిల్లీమీటర్లు. మామూలు గాజును అంచువైపు నుంచి చూస్తే పచ్చగా కనిపిస్తుంది కదా, అందులోని ఇనుము వల్ల ఆ రంగు. ఇక్కడ వాడే గాజులో ఇనుము పాలు బాగా తగ్గిస్తారు, వెలుగు రెండుసార్లు గాజు గుండా పోవాలి గనక. దాన్ని వేడిమీద పరావలయంగా వంచి, వెనక వెండి పూత పూసి, ఆ వెండి నల్లబడకుండా పైన కాపుదల పొరలు వేస్తారు. కొత్త అద్దం తన మీద పడిన వెలుగులో 93 శాతానికి పైగా తిప్పి పంపుతుంది.

ఆ వెలుగు చేరాల్సిన చోటు పరావలయపు నాభి. దోనె అడుగు నుంచి 1.71 మీటర్ల ఎత్తున, 7 సెంటీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గొట్టం. ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. దోనె అంచున ఉన్న అద్దం నుంచి గొట్టానికి దూరం దాదాపు 2.9 మీటర్లు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. కాబట్టి అద్దం ఎంత నిర్దోషంగా ఉన్నా 2.9 మీటర్లు పోయేసరికి ఆ వెలుగు 27 మిల్లీమీటర్ల వెడల్పు పరుచుకుంటుంది. గొట్టం వెడల్పు 70 మిల్లీమీటర్లు. అటు 21, ఇటు 21 మిగిలాయి. అద్దం వాలు మీటరుకు ఒక్క మిల్లీమీటరు తప్పితే తిరిగొచ్చే కిరణం అంతకు రెండింతలు తప్పుతుంది, గొట్టం దగ్గరికొచ్చేసరికి దాదాపు 6 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. మీటరుకు మూడున్నర మిల్లీమీటర్లు దాటిందంటే అంచు వెలుగు గొట్టం పక్క నుంచి ఆకాశంలోకి పోవడం మొదలుపెడుతుంది. అద్దం వంపులో లోపం, ఇనుప చట్రం బిగింపులో లోపం, గాలి తోపుకు వరుస మెలిపడటం, సూర్యుణ్ణి వెంబడించడంలో ఆలస్యం, ఇవన్నీ కలిపి ఆ 21 మిల్లీమీటర్లలోనే సర్దుకోవాలి. పైగా 150 మీటర్ల వరుసనంతా నడుమ ఉన్న ఒకే ఒక హైడ్రాలిక్ యంత్రం తిప్పుతుంది. కొసన ఉన్న అద్దం నడుమ అద్దంతో పాటే తిరగాలి. అందుకోసం చట్రాన్ని పెట్టె ఆకారంలో అల్లి మెలితిరగకుండా చేశారు. బరువు తగ్గిస్తూనే బిగువు పెంచిన ఆ అల్లిక ఇంజనీరింగ్ బొమ్మల పుస్తకంలో చూసినా కంటికి ఇంపుగా ఉంటుంది.

బొబ్బిలి పక్కనే గొల్లపల్లిలో వీణ పనివారు మైనంలో 24 మెట్లు నిలిపేటప్పుడు కొలబద్దను నమ్మరు. తీగ మీటి, చెవితో విని, మెట్టును వెంట్రుక వాసి జరిపి, మళ్లీ మీటుతారు. పనస దుంగ ఎంత మేలైనదైనా, చెక్కడం ఎంత ముచ్చటగా ఉన్నా, మెట్టు తన చోట కూర్చోకపోతే అది వీణ కాదు. దోనెల దగ్గర ఆ చెవి పని కెమెరా చేస్తుంది. గొట్టం ప్రతిబింబం అద్దంలో ఎక్కడ వంకర పోయిందో ఫొటోలు తీసి, ఏ అద్దం ఏ మూలన ఎంత తప్పిందో లెక్కగట్టి, ఆ మూల బోల్టు సవరిస్తారు. మళ్లీ ఫొటో తీస్తారు.

ఇక గొట్టం. మొత్తం ప్లాంటులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఒక్కో గొట్టం నాలుగు మీటర్ల పొడవుంటుంది. లోపల ఉక్కు గొట్టం, దాని చుట్టూ 12.5 సెంటీమీటర్ల వ్యాసమున్న గాజు గొట్టం, రెంటి మధ్యా శూన్యం. ఉక్కు గొట్టంలో పారే నూనె లూప్ చివరికి వచ్చేసరికి 393 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ వేడిలో మామూలు నల్ల రంగు పూసిన గొట్టాన్ని ఊరికే వదిలేస్తే ఏమవుతుంది? మీటరు పొడవుకు దాదాపు 2,450 వాట్ల వేడిని చుట్టూ చిమ్మేస్తుంది. బాగా ఎండ కాసే వేళ చదరపు మీటరుకు 800 వాట్ల నేరు ఎండ వస్తోందనుకుంటే, అద్దాలన్నీ కలిసి ఆ మీటరు గొట్టానికి అందించేది దాదాపు 3,450 వాట్లు. అంటే వచ్చినదాంట్లో మూడింట రెండు వంతులకు పైగా వచ్చిన దారినే పోతుంది. ఇంత కష్టపడి అద్దాలు వంచి చివరికి ఆకాశాన్ని వేడిచేసినట్టవుతుంది.

దీనికి విరుగుడు గొట్టం మీది పూత. సూర్యుడి నుంచి వచ్చే వెలుగు పొట్టి అలలు, వేడెక్కిన గొట్టం వదిలే పరారుణం పొడుగు అలలు. ఈ తేడాను పట్టుకుని, లోహపు రేణువులూ పింగాణీలాంటి పదార్థమూ కలిపి అతి పలచని పొరలుగా పూత వేస్తారు. ఆ పూత పొట్టి అలలకు నల్లగానూ పొడుగు అలలకు అద్దంలానూ ప్రవర్తిస్తుంది. వచ్చిన ఎండలో 95 శాతం మింగుతుంది, తాను విడిచేది మాత్రం నల్లని గొట్టం విడిచేదాంట్లో పదో వంతే. 2,450 వాట్లు 245 అయ్యాయి. గాజుకూ ఉక్కుకూ నడుమ గాలి ఉంటే అది వేడిని మోసుకుపోతుంది కాబట్టి శూన్యం. గాజు మీద పడిన వెలుగులో కొంత తిరిగి పోకుండా గాజుకూ ఒక పూత.

శూన్యాన్ని పాతికేళ్లు నిలపడం ఎలా? గాజునూ ఉక్కునూ అతికించాలి, కానీ వేడికి రెండూ ఒకేలా సాగవు. నాలుగు మీటర్ల ఉక్కు గొట్టం 390 డిగ్రీలకు చేరితే దాదాపు 25 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉండే గాజు సాగేది ఒక మిల్లీమీటరు ప్రాంతమే. అందుకని కొసల్లో ముడతల ఉక్కు తొడుగు పెట్టి ఆ తేడాను దానికి అప్పగించారు. రోజుకోసారి సాగి, రాత్రికి ముడుచుకుని, పాతికేళ్లలో వేల సార్లు ఆ పని చెయ్యాలి. గాజు లోహాన్ని తాకే అతుకు దగ్గర జర్మనీకి చెందిన షాట్ కంపెనీ ఇంకో ఉపాయం పన్నింది. లోహం ఎంత సాగుతుందో గాజూ అంతే సాగేలా గాజు పాకాన్నే మార్చేసింది. 150 మీటర్ల వరుస మొత్తం తీసుకుంటే గొట్టాలన్నీ కలిసి ముప్పావు మీటరుకు పైనే సాగుతాయి, నడుమ నుంచి రెండు పక్కలకూ. అందుకే గొట్టాన్ని పట్టుకున్న ఊచలు నిటారుగా బిగించి ఉండవు, వేడితో పాటు ఒరుగుతాయి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక వైపు, మధ్యాహ్నం మరో వైపు. ఒరగడం చూసి ఎవరైనా కొత్తవాళ్లు ఏదో వదులైందనుకోవచ్చు. నిజానికి పని సరిగ్గా జరుగుతున్న గుర్తు అది.

శూన్యం పోయిందో లేదో చెప్పే ఏర్పాటు మరీ ముచ్చటైనది. గాజు లోపలి వైపు బేరియం మచ్చ ఒకటి ఉంటుంది. శూన్యం ఉన్నంత కాలం వెండిలా మెరుస్తుంది, గాలి చొరబడితే తెల్లబారుతుంది. వేల గొట్టాల మధ్య నడుస్తూ పోయే మనిషి మీటరూ గీటరూ లేకుండా కంటితో చూసి చెప్పగలడు.

ఇప్పుడు గొట్టాల్లోంచి వేడిని మోసుకొచ్చి నీటిని ఆవిరి చేసే నూనె సంగతి. డైఫినైల్ ఆక్సైడ్, బైఫినైల్ కలిపిన ఈ ద్రవం 12 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 257 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒత్తిడి పెట్టి మరగకుండా ఆపి 393 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. 400 దాటితే దాని అణువులు విరగడం మొదలవుతాయి. విరిగినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. ఆ హైడ్రోజన్ ఉక్కు గోడ గుండా ఇంకి ఎంతో కష్టపడి నిలిపిన శూన్యంలోకి చేరుతుంది. వేడిని మోసుకుపోవడంలో హైడ్రోజన్‌ను మించిన వాయువు లేదు. అందుకే గొట్టంలో దాన్ని పీల్చుకునే లోహపు బిళ్లలు కూడా పెడతారు. ప్లాంటు మొత్తానికి పైకప్పు ఈ నూనే. టర్బైన్ ఇంకా వేడి ఆవిరిని తట్టుకోగలదు, అద్దాలు ఇంకా వేడి ఇవ్వగలవు. నూనె ఒప్పుకోదు. అమెరికాలో మొజావే ఎడారిలో లూజ్ కంపెనీ 1984 నుంచి 1990 దాకా తొమ్మిది ప్లాంట్లు కట్టింది, మొత్తం 354 మెగావాట్లు. మొదటిదాంట్లో నూనె 307 డిగ్రీలు, ఆ వేడిని కరెంటుగా మార్చే ఆవిరి చక్రం దక్షత 31 శాతం ప్రాంతం. చివరివాటికి వచ్చేసరికి నూనె మార్చి 390కి తెచ్చారు, దక్షత 37 దాటింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దోనెల ప్లాంట్లలో చాలా భాగం అక్కడే నిలబడ్డాయి.

ఎందుకు నిలబడ్డాయో చెప్పడానికి ఫ్రెంచ్ ఇంజనీరు సాదీ కార్నో 1824లో చేసిన లెక్క చాలు. ఏ ఉష్ణ యంత్రమైనా వేడి తీసుకునే చోటికీ వేడి విడిచే చోటికీ మధ్య ఉన్న తేడా మీదే బతకాలి. పైన 393 డిగ్రీలు, కింద 45 డిగ్రీలు అనుకుంటే పరమావధి 52 శాతం. ఎంత గొప్ప టర్బైన్ పెట్టినా అంతకు మించి రాదు. నిజం ప్లాంట్లకు వచ్చేది 37, 38. మధ్యలో పోయిన పద్నాలుగు పాళ్లలో ఒక్కో పాలును వెనక్కి లాక్కురావడమే ఆవిరి ఇంజనీర్ల పని.

ఎలా లాగుతారో రెండు ఉదాహరణలు చాలు. 100 బార్ల ఒత్తిడితో 380 డిగ్రీల ఆవిరిని టర్బైన్‌లో ఒక్క ఊపున, దాన్ని చల్లార్చి నీరు చేసే కండెన్సర్ దాకా వ్యాకోచించనిస్తే, చివరికి అందులో ఐదో వంతుకు పైగా నీటి తుంపర అయిపోతుంది. ఆ తుంపర శరవేగంతో తిరిగే రెక్కల్ని కొరికేస్తుంది, తేమ ఒక శాతం పెరిగితే ఆ దశలో దక్షత కూడా దాదాపు ఒక శాతం పడుతుంది. కాబట్టి సగం దారిలో, 18 బార్ల ప్రాంతంలో, ఆవిరిని బయటికి తీసి మళ్లీ నూనె దగ్గరికి పంపి 380కి వేడెక్కించి రెండో టర్బైన్‌లోకి వదులుతారు. చివరి తేమ పది, పన్నెండు శాతానికి దిగుతుంది. బొగ్గు ప్లాంట్లలో ఆవిరి మొదటే 540 డిగ్రీలు ఉంటుంది కాబట్టి తేమ ఇంత బెడద కాదు. సౌర ప్లాంటులో మాత్రం ఇలా మళ్లీ వేడెక్కించే రీహీట్ లేకపోతే 100 బార్ల ఒత్తిడి పెట్టుకునే ధైర్యమే చెయ్యలేం.

రెండోది వినడానికి వింతగా ఉంటుంది. టర్బైన్‌లో పనిచేస్తున్న ఆవిరిలో కొంత ఐదారు చోట్ల నుంచి తోడేసి, బాయిలర్‌కు పోయే నీటిని వేడిచెయ్యడానికి వాడతారు. పనిచెయ్యాల్సిన ఆవిరిని పని మానిపించి నీళ్లు కాయించడం నష్టం కదా? కాదు. కండెన్సర్ నుంచి 42 డిగ్రీలతో వచ్చిన నీటిని 393 డిగ్రీల నూనెతో నేరుగా కాయించడం మేలిరకం వేడిని చవకబారు పనికి వాడటం. అదే పనికి అప్పటికే చాలావరకు అలసిపోయిన ఆవిరి సరిపోతుంది. కాస్త కాస్తగా వేడెక్కుతూ నీరు 235 డిగ్రీల ప్రాంతానికి వచ్చాకే నూనె దాన్ని అందుకుంటుంది. వేడి ఎంత అన్నది కాదు, ఏ డిగ్రీ వేడిని ఏ డిగ్రీ పనికి వాడుతున్నాం అన్నదే ఇక్కడ లెక్క. ఆవిరి చక్రం బొమ్మ చూస్తే గందరగోళంగా కనిపించే ఆ గొట్టాల చిక్కుముడి అంతా ఈ ఒక్క పొదుపు కోసమే.

ఎప్పుడూ పై డిగ్రీల గురించే మాట్లాడతాం గానీ, కార్నో లెక్క సరిగా చూస్తే కింద తగ్గించిన ఒక డిగ్రీ పైన పెంచిన రెండు డిగ్రీలతో సమానం. కండెన్సర్ పది డిగ్రీలు చల్లబడితే దక్షత ఒకటి, ఒకటిన్నర పాళ్లు పెరుగుతుంది. చల్లబరచడానికి నీళ్లు కావాలి. నీటిని ఆవిరి చేసి చల్లబరిస్తే యూనిట్ కరెంటుకు మూడు లీటర్ల ప్రాంతం ఖర్చవుతుంది. అనంతపురం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ కూలింగ్ టవర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నీళ్లు ఉంటే. నీళ్లు పొదుపు చేద్దామని ఫ్యాన్లు పెట్టి గాలితో చల్లబరిస్తే తొంభై శాతం నీళ్లు మిగులుతాయి, కానీ నలభై డిగ్రీల ఎండవేళ, కరెంటుకు గిరాకీ ఉన్న వేళే, కండెన్సర్ వేడెక్కి దక్షత జారిపోతుంది. వేగవతి నది ఒడ్డున మాకు నీళ్లున్నాయి, నేరు ఎండ లేదు. అక్కడ ఎండ ఉంది, నీళ్లు లేవు. దేవుడి పంపకాల్లో ఈ మాత్రం చమత్కారం ఎప్పుడూ ఉంటుంది.

ఆవిరే కావాలనుకుంటే ఈ తంటా అంతా అక్కర్లేదు. తిరుమలలో 2002లో వంటశాల కోసం 106 పరావలయ పళ్లాలు పెట్టారు. రోజుకు నాలుగు వేల కిలోల ఆవిరి, 180 డిగ్రీలు, పదిహేను వేల మందికి వంట. టర్బైన్ లేదు, కండెన్సర్ లేదు, కార్నోకు కట్టాల్సిన కప్పమూ లేదు. వేడిని వేడిగానే వాడుకోవడం ఎప్పుడూ లాభసాటి. పందొమ్మిదో శతాబ్దంలోనే బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఉద్యోగి బల్లపరుపు అద్దాలు అర్ధచంద్రాకారంలో నిలబెట్టి, బాయిలర్ వేడిచేసి, రెండున్నర గుర్రాల శక్తి ఇంజను నడిపి, 1878లో దాని మీద పుస్తకం కూడా వేశాడు. బొగ్గు ఖరీదైన ఉష్ణదేశాలకు ఎండే ఇంధనం కావాలన్నది అతని వాదన. 1913లో ఈజిప్టులో ఫ్రాంక్ షూమన్ అనే ఇంజనీరు దోనెలతోనే ఆవిరి పుట్టించి నైలు నీళ్లు తోడాడు. ఇద్దరి దగ్గరా లేనివి పూత పూసిన గొట్టం, శూన్యం. అద్దం ఆలోచన పాతదే, వేడిని పట్టి ఉంచడమే కొత్తది.

నూనె కట్టిన కప్పును దాటడానికి రెండు దారులు. ఒకటి ఉప్పు. సోడియం నైట్రేట్ 60 పాళ్లు, పొటాషియం నైట్రేట్ 40 పాళ్లు కలిపిన కరిగిన ఉప్పు 565 డిగ్రీల దాకా నిబ్బరంగా ఉంటుంది. అప్పుడు కార్నో పరిమితి 52 నుంచి 62కి ఎక్కుతుంది. పైగా పెద్ద ట్యాంకుల్లో దాచుకుంటే రాత్రి కూడా కరెంటు. స్పెయిన్‌లో 2011లో మొదలైన జెమాసోలార్, చుట్టూ నిలిపిన అద్దాలన్నీ ఒక టవర్ కొస మీదికి వెలుగు పంపే టవర్ ప్లాంటు, 2,650 అద్దాలతో, 15 గంటల నిల్వతో రాత్రింబవళ్లు ఆగకుండా నడిచి చూపించింది. నాగలాపురంలో అలాంటి నిల్వ లేదు, పొద్దు కుంగితే టర్బైన్ ఆగుతుంది. ఉప్పుకూ ఒక రోగం ఉంది, 238 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. కిలోమీటర్ల కొద్దీ పరిచిన దోనెల గొట్టాల్లో రాత్రి అది బిగుసుకుంటే ఏం జరుగుతుందో ఊహించుకోండి. సిసిలీలో 2010లో ఆర్కిమెడీ అనే 5 మెగావాట్ల ప్లాంటు ఆ సాహసం చేసింది. టవర్ అయితే గొట్టాలు ఒక్క చోటే, సాయంత్రానికి ఉప్పంతా కిందికి దింపెయ్యొచ్చు. ఉప్పు టవర్లకే ఎక్కువ నచ్చడానికి కారణం ఇది.

రెండో దారి ఆవిరినే మార్చెయ్యడం. నీటికి బదులు కార్బన్ డయాక్సైడ్. 31 డిగ్రీలు, 73.8 బార్లు దాటితే అది ద్రవమూ కాదు, వాయువూ కాదు. ఆ అంచు దగ్గర చాలా చిక్కగా ఉంటుంది కాబట్టి కంప్రెసర్‌కు తక్కువ శ్రమ. తగ్గిన ఆ శ్రమంతా కరెంటు రూపంలో మిగులుతుంది. మరిగేటప్పుడు నీరు ఒకే డిగ్రీ దగ్గర ఆగిపోయినట్టు ఇది ఆగదు, వేడిచేసే ద్రవంతో పాటే సాఫీగా ఎక్కుతుంది, నడుమ డిగ్రీలు వృథా కావు. 700 డిగ్రీలు అందిస్తే చక్రం దక్షత 50 శాతానికి చేరుతుందని లెక్క. యంత్రం కూడా చిన్నది, అమెరికాలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 2024లో తొలిసారి కరెంటు ఇచ్చిన 10 మెగావాట్ల నమూనా ప్లాంటు టర్బైన్ ఒక రాతబల్ల అంత ఉంటుంది. పెద్దవల్లా దాని వేడి మార్పిడి పెట్టెలు. టర్బైన్ నుంచి బయటికొచ్చే వాయువులో మిగిలిన వేడి చాలా ఎక్కువ, దాన్నంతా లోపలికి వెళ్లే వాయువుకు తిరిగి అందించాలి. అందుకోసం లోహపు రేకుల మీద వెంట్రుకల్లాంటి కాలువలు చెక్కి, పేర్చి, వేడితోనూ ఒత్తిడితోనూ ఒకే దిమ్మగా అతికిస్తారు. వెల్డింగ్ మచ్చ ఎక్కడా ఉండదు.

దీన్ని చూసి నాగలాపురం ఆవిరి టర్బైన్ తీసేసి ఇది పెడదామనుకుంటే పొరపాటు. 393 డిగ్రీల దగ్గర రీహీట్ ఉన్న ఆవిరిని ఇది గెలవలేదు. ఐదు వందలు దాటాకే దీని సత్తా బయటపడుతుంది. ముందు నూనె పోవాలి, తర్వాతే ఆవిరి పోవాలి. ఈ వరస తెలియకుండా చేసే గొప్ప ప్రకటనలు పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి.

ఈలోగా సోలార్ పలకలు ధరలో పరుగెత్తి వెళ్లిపోయాయి. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో యూనిట్ 2 రూపాయల 44 పైసలకు దిగింది. 11 రూపాయల 31 పైసల దోనె దాని పక్కన నిలబడలేదు. దక్షత అంకెల్లో ఎంత పెంచినా పగటి కరెంటులో ఇక పోటీ లేదనే నా అభిప్రాయం. ఉష్ణ ప్లాంటుకు మిగిలిన చోటు సాయంత్రం ఆరు తర్వాతే. ఆ చోటు దక్కాలంటే నిల్వ ఉండాలి, నిల్వ చవక కావాలంటే డిగ్రీలు పెరగాలి. ఒకే ట్యాంకులో రెండు వందల డిగ్రీల తేడాకు పట్టే వేడి వంద డిగ్రీల తేడాకు పట్టేదానికి రెట్టింపు.

కార్బన్ డయాక్సైడ్ చక్రానికి మన దగ్గర ఉన్న అడ్డంకి వేరే. 31 డిగ్రీల అంచు దగ్గరికి దాన్ని చల్లబరిస్తేనే కంప్రెసర్ శ్రమ తగ్గుతుంది. శాన్ ఆంటోనియోలోనే అది సగం ఏడాది కష్టం, అనంతపురం ఏప్రిల్‌లో మధ్యాహ్నం గాలే నలభై ప్రాంతంలో ఉంటుంది. చల్లార్చాక కూడా వాయువు 45 డిగ్రీల కింద దిగదు, పలచబడుతుంది, కంప్రెసర్ ఎక్కువ తింటుంది. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 2017లో ఈ చక్రానికి పరీక్షా లూప్ ఒకటి నిలబెట్టారు. వేడి ప్రాంతాలకు కనిపిస్తున్న దారి, కింది ఒత్తిడిని 74 బార్ల దగ్గర వదిలెయ్యకుండా 85, 90 బార్లకు పెంచడం. అప్పుడు 45 డిగ్రీల దగ్గర కూడా వాయువు కొంత చిక్కగానే ఉంటుంది. కొన్ని పాళ్లు పోతాయి, కానీ వేసవి మధ్యాహ్నం యంత్రం ఆగదు. ఆ ఒత్తిడి ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి, మబ్బు పట్టిన రోజుకు మరొకటి ఉండాలి. లూప్‌లో ఎంత వాయువు నింపాలో రోజులో గంటగంటకూ మారుస్తూ నడిపే అదుపు పద్ధతి మీదే ఇప్పుడు పని జరగాలి.